మన్యం దారిలో మూడు రోజులు

అరకు వెళ్దాం అనగానే ఇంట్లో ఒకటే హడావుడి. మా అమ్మాయికి రైలు సొరంగాలు కావాలి. మా ఆవిడకి బొంగులో చికెనూ, కాఫీపొడీ కావాలి. నాకైతే రెండు రోజులు ఫోన్ మోగకుండా ఉంటే చాలు. మా నాన్న మాత్రం చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టి, "అక్కణ్నించి చింతపల్లి ఎంత దూరం రా?" అనడిగారు.

నాన్న హైస్కూల్లో సోషల్ మాస్టారు. ముప్పై ఏళ్ల పైచిలుకు సర్వీసులో ఏటా అల్లూరి సీతారామరాజు పాఠం చెప్పారు. నల్లబల్ల మీద మన్యం పటం గీసి, అందులో మూడు చుక్కలు పెట్టేవారు. చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి. నేనూ ఆయన క్లాసులోనే చదువుకున్నాను కాబట్టి ఆ పటం కళ్లు మూసుకుని గీయగలను. తీరా చూస్తే ఆ మూడు చుక్కల్లో ఒక్క ఊరికీ ఆయన వెళ్లలేదట! ఇప్పుడాయనకి డెబ్బై రెండు నిండాయి. మోకాళ్లు రెండూ మొరాయిస్తున్నాయి.

"ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు మావయ్యా, అదీ కలిపేద్దాం" అంది మా ఆవిడ. అలా రెండు రోజుల అరకు కాస్తా మూడు రోజుల మన్యం యాత్రయింది.

అరకు గురించి ఈ పేజీల్లో ఎన్నోసార్లు చదివే ఉంటారు. కొత్తగా ఏం రాస్తాడులే అనుకోకండి. ఈసారి నేను చూసినవాటికంటే, వాటి దగ్గరికి తీసుకెళ్లిన దారుల గురించే ఎక్కువ చెప్పాలనుంది. కారణం మా అమ్మాయి. రైల్లో కూర్చున్న దగ్గర్నుంచీ, "ఇది ఎవరి కోసం వేశారు నాన్నా?" అని ఒకటే ప్రశ్న.

మనకోసం వేసిన రైలు కాదు

విశాఖపట్నంలో పొద్దున్నే ఏడు కొట్టేలోపు బయల్దేరే కిరండోల్ బండి ఇది. పేరుకు ఎక్స్‌ప్రెస్సయినా పాతవాళ్ల నోట ఇప్పటికీ 'కిరండోల్ పాసింజరే'. 2017 నుంచి దీనికి అద్దాల పెట్టె కూడా తగిలిస్తున్నారు. టికెట్లు ముందే అయిపోతాయి కాబట్టి సెలవు దొరగ్గానే చేయాల్సిన మొదటి పని అదే. మాకు దొరకలేదు. మామూలు పెట్టెలో కిటికీ పక్కన కూర్చున్నాం. తలుపు దగ్గర గాలి, పల్లీలమ్మే అబ్బాయి కేకలు, సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలంతా కలిసి పెట్టే గావుకేకలు... అద్దాల పెట్టెలో ఇవన్నీ ఉంటాయా అని సరిపెట్టుకున్నాం.

కొత్తవలస దాటి, శృంగవరపుకోట, బొడ్డవర, శివలింగపురం వచ్చేదాకా మామూలు పల్లెలే. ఆ తర్వాత బండి ఒగర్చుకుంటూ కొండెక్కడం మొదలెడుతుంది. త్యాడ, చిమిడిపల్లి దగ్గర కింద లోయలో చెట్ల తలలు కనిపిస్తాయి. ఇందాక మనం దాటొచ్చిన పట్టాలే చాలా కింద సన్నగీతలా కనిపించేసరికి పిల్లలు నమ్మరు. శిమిలిగూడ స్టేషను సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది. దేశంలోకెల్లా ఎత్తయిన బ్రాడ్‌గేజ్ స్టేషనన్న పేరు చాలాకాలం దానిదే. కశ్మీరులో రైలు పడ్డాక ఆ పేరు అటు వెళ్లిపోయింది.

ఇంతకీ ఎవరి కోసం వేశారు? మనకోసమైతే కాదు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిల్లా కొండల్లో ఇనుప ఖనిజం ఉంది. దాన్ని విశాఖ రేవుకు చేర్చి జపానుకు ఎగుమతి చేయడానికి 1960లో ఒప్పందం కుదిరింది. ఆ ఖనిజం కోసమే తూర్పు కనుమల్ని తొలిచి కొత్తవలస నుంచి కిరండోల్ దాకా 446 కిలోమీటర్ల లైను వేశారు. 1960ల చివరికల్లా బళ్లు తిరిగాయి. లైను మొత్తం మీద 58 సొరంగాలు. మా అమ్మాయి లెక్క మాత్రం అరకు వచ్చేసరికే తప్పిపోయింది. మధ్యలో ఇడ్లీలు తినడం వల్ల రెండు మూడు జారిపోయాయని ఒప్పుకుంది.

మన బండిని పక్కన ఆపి ఎదురుగా ఓ పొడవాటి గూడ్సుని వదిలారు. ఎర్రటి దుమ్ముతో నిండిన పెట్టెలు ఎన్నని లెక్కపెట్టినా అవడం లేదు. "అదిగో, రైలు అసలు యజమాని వస్తున్నాడు. మనం పక్కకు తప్పుకోవాలి మరి" అన్నారు నాన్న.

బొర్రా కడుపులో

బొర్రాగుహలు స్టేషనులో దిగితే గుహల దగ్గరికి నడిచి పోవచ్చు. గుహల పైనుంచే రైలు వెళ్తుందన్న సంగతి చాలామందికి లోపలికి వెళ్లాక గానీ తెలీదు.

గుహ కథ ఇక్కడ అందరూ చెప్పేదే. మేతకెళ్లిన ఆవు పైనున్న బిలంలోంచి లోపలికి పడిపోయిందట. వెతుక్కుంటూ వచ్చిన కాపరికి లోపల లింగాకారంలో రాయి కనిపించిందట. గుహలోంచి పారే నది గోస్తనీ. ఆవు పొదుగని అర్థం. ఆ నీళ్లే కొండలు దిగి భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తాయి. కథ నమ్మినా నమ్మకపోయినా పేరు మాత్రం అందంగా కుదిరింది.

నాన్న మెట్లు చూడగానే బయటే కూర్చుంటానన్నారు. బతిమాలితే పది మెట్లు దిగారు. గుహ నోరు చూసి, "ఇది చాలు" అని మళ్లీ పైకెక్కేశారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ఈ సంగతి ముందే గుర్తుపెట్టుకోండి. దిగడం సులువే, ఎక్కడమే కష్టం. తేమకి మెట్లు జారుతుంటాయి. హైహీల్స్ వేసుకొచ్చి చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తున్నవాళ్లని మేం ఇద్దర్ని చూశాం.

లోపల రంగురంగుల దీపాలు. పైకప్పు నుంచి వేలాడేవీ, నేల మీంచి లేచేవీ సున్నపురాతి రూపాలు. గైడు టార్చిలైటు వేసి శివపార్వతులన్నాడు, తల్లీబిడ్డన్నాడు, రుషి గడ్డమన్నాడు, మొసలన్నాడు. మా అమ్మాయికి ఒకచోట కోన్ ఐస్‌క్రీము కనిపించింది. గైడుకి అది నచ్చింది, రేపట్నుంచి చెప్తానన్నాడు!

ఇవి ఎలా తయారయ్యాయో పిల్లలకి కచ్చితంగా చెప్పండి. వాననీరు గాల్లోంచీ, మట్టిలోంచీ బొగ్గుపులుసు వాయువుని పీల్చుకుని కాస్త ఆమ్లంలా మారుతుంది. అది సున్నపురాయిని కరిగించుకుంటూ కిందికి దిగుతుంది. పైకప్పు దగ్గర చుక్కగా వేలాడేటప్పుడు ఆ వాయువు తప్పించుకుపోయి, కరిగిన సున్నం పిసరంత అక్కడే పేరుకుంటుంది. దాని పేరే కాల్సైటు. ఈ రకం రూపాలు సాధారణంగా ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతు పెరిగితే గొప్ప. అంటే మా అమ్మాయి చిటికెన వేలంత పెరగాలంటే వందల ఏళ్లు కావాలి. అందుకే ముట్టుకోవద్దనేది. చేతి జిడ్డు అంటితే ఆ మీద సున్నం సరిగ్గా పేరుకోదు. అయినా మా కళ్లముందే ఓ పెద్దాయన లింగానికి ఆనుకుని ఫొటో దిగాడు. గైడు ఏమీ అనలేదు, నేనూ అనలేదు. బయటికొచ్చాక అనాల్సిందనిపించింది.

ఈ గుహలు చూసి పైకి రాగానే చాలామంది కారెక్కేస్తారు. కానీ చుట్టూ ఉన్న కొండల్ని ఒక్క నిమిషం చూడండి. గుహలో మనం నోరు తెరుచుకుని చూసిన ఆ కాల్సైటే ఈ కొండల్లోనూ ఉంది. దాని కోసం ఇక్కడి గిరిజన గ్రామాల్లో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులిచ్చారు. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి బదలాయించకూడదన్న చట్టం మనకుంది. అందరూ 1/70 అంటారే, అదే. అది మనుషులకే గానీ ప్రభుత్వానికి కాదన్నది అవతలివాళ్ల వాదన. గిరిజనుల తరఫున 'సమత' అనే స్వచ్ఛంద సంస్థ కోర్టుకెళ్లింది. హైకోర్టులో ఓడిపోయింది. సుప్రీంకోర్టు 1997 జులై 11న తీర్పిస్తూ, ప్రభుత్వం కూడా ఆ చట్టం దృష్టిలో 'వ్యక్తే'నని, షెడ్యూల్డు ప్రాంతంలో ప్రైవేటు సంస్థలకు గనుల లీజులు చెల్లవని చెప్పింది. దేశంలో ఎక్కడ గిరిజన భూముల కేసొచ్చినా 'సమత తీర్పు' అని ఉదహరిస్తారు. దాని పుట్టిల్లు ఈ అనంతగిరి మండలమే. ఈ సంగతి చెప్పే బోర్డు కోసం వెతికాను. నాకు కనిపించలేదు. ఐస్‌క్రీము బోర్డులు మాత్రం చాలా కనిపించాయి.

మేం లోపలున్నంతసేపూ నాన్న మొక్కజొన్న పొత్తులు కాల్చే ఆవిడతో కబుర్లు చెప్పారట. ఆవిడ పిల్లలు ఏం చదువుతున్నారో, బడి ఎంత దూరమో, మాస్టార్లు రోజూ వస్తున్నారో లేదో అన్నీ కనుక్కున్నారు. రిటైరైనా ఇన్‌స్పెక్షన్ మానలేదు!

కాఫీ ఒక కప్పు, తర్వాత పాడేరు

బొర్రా నుంచి కారు మాట్లాడుకుని అనంతగిరి, సుంకరిమెట్ట మీదుగా అరకు చేరాం. గాలికొండ వ్యూపాయింటు దగ్గర ఆగితే పైసా ఖర్చు లేకుండా ఒళ్లు జలదరిస్తుంది. కాఫీ తోటలు దారి పొడుగునా ఉన్నాయి. నీడకి సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, కింద కాఫీ. గిరిజన రైతులు పండించే ఈ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకు రెండేళ్ల ముందే అరకు పేరుతో పారిస్‌లో కాఫీ దుకాణం తెరిచారు. మా ఆవిడ కొన్నది మాత్రం రోడ్డు పక్కన. పొడి కొనేటప్పుడు చికోరీ కలిసిందో లేదో అడగండి. అడక్కపోతే చెప్పరు.

అరకు గురించి క్లుప్తంగా చెప్పేస్తాను. గిరిజన మ్యూజియం తప్పకుండా చూడండి, అయిదు నిమిషాల్లో చుట్టేసి బయటికి రాకండి. పద్మాపురం తోట రెండో ప్రపంచయుద్ధ కాలంలో సైనికులకు కూరగాయలు పండించడానికి మొదలైందంటారు. ఇప్పుడు పిల్లలు బొమ్మరైలు ఎక్కుతున్నారు. డుంబ్రిగుడ దగ్గర చాపరాయి మీద నీళ్లు జారుతుంటే పిల్లలకి పండగే. కానీ పాకుడు ఉంటుంది, జాగ్రత్త. నవంబరు, డిసెంబరుల్లో వస్తే వలిసెపూలు. కొండవాలంతా పసుపు ఆరబోసినట్టుంటుంది. ఆ చేలోకి దిగి ఫొటోలు దిగేముందు, అది ఒక రైతు పంటని గుర్తుంచుకుంటే బాగుంటుంది. కొన్నిచోట్ల రైతులు ఫొటోకింతని వసూలు చేస్తున్నారు. తొక్కిన మొక్కకి నష్టపరిహారం అనుకుని ఇచ్చేయండి.

రాత్రి బస విషయంలో మాకో దెబ్బ తగిలింది. ముందే డబ్బు కట్టిన ఒక లాడ్జివాళ్లు, మేం వెళ్లేసరికి మా గది ఇంకొకరికి ఇచ్చేశారు. సీజన్ అండీ అన్నాడు గుమాస్తా, అదేదో వాతావరణ సూచనలాగ. ఇంకో చోట గది దొరికేసరికి తొమ్మిదైంది. శని, ఆదివారాలు మానుకుని మామూలు రోజుల్లో రండి. చలి అదే, కొండలు అవే, ధర మాత్రం తగ్గుతుంది.

మర్నాడు పొద్దున్నే పాడేరు దారి పట్టాం. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడదీసినప్పుడు మన్యానికి అల్లూరి సీతారామరాజు జిల్లా అని పేరు పెట్టి, పాడేరుని కేంద్రం చేశారు. మోదకొండమ్మ తల్లికి దణ్ణం పెట్టుకుని, వేడివేడి పూరీలు తిని ముందుకు సాగాం. అరకులో కనిపించిన కార్ల బారు ఇటు లేదు. దుంపలూ, పసుపుకొమ్మలూ తట్టల్లో పెట్టుకుని సంతకి నడిచే ఆడవాళ్లు, పొలాల మధ్య మంచు, అక్కడక్కడా ఓ బడి. రోడ్డు మీద నాన్న కళ్లు తిప్పడం లేదు.

మొదటి చుక్క

చింతపల్లిలో పోలీసు స్టేషను ఎదుట కారు ఆపమన్నారు నాన్న. దిగి నిలబడ్డారు. ఆయన ఎందుకు చూస్తున్నారో తెలియక ఒక కానిస్టేబులు బయటికొచ్చి, "ఏం కావాలి మాస్టారూ?" అనడిగాడు. మాస్టారని ఎలా కనిపెట్టాడో!

1922 ఆగస్టు 22. రాజు, సుమారు మూడు వందలమంది మన్యం వీరులతో వచ్చి చింతపల్లి స్టేషను మీద దాడి చేశాడు. 11 తుపాకులు, 5 కత్తులు, 1390 తూటాలు, 14 బాయినెట్లు. తీసుకెళ్లినవన్నీ స్టేషను పుస్తకంలో రాసి, కింద సంతకం పెట్టి మరీ వెళ్లాడు. క్లాసులో ఈ మాట దగ్గరికి రాగానే నాన్న ఆగేవారు. పిల్లలంతా నవ్వేదాకా ఆగి, అప్పుడు ముందుకెళ్లేవారు. ఇక్కడ మా అమ్మాయికీ అలాగే చెప్పి, అలాగే ఆగారు. అది నవ్వలేదు. "దొంగతనం చేసి సంతకం పెడితే దొరికిపోరా తాతయ్యా?" అంది. ఆ కానిస్టేబులు నవ్వాడు.

అక్కణ్నించి లంబసింగి దగ్గరే. రాత్రి అక్కడే ఉన్నాం. సున్నా డిగ్రీలంటూ చలికాలంలో పేపర్లన్నీ (మాతో సహా) రాసే ఊరు ఇదే. నిజానికి ఉష్ణోగ్రత కొలిచేది చింతపల్లిలోని వ్యవసాయ పరిశోధన స్థానంలో. లంబసింగిది దాన్నిబట్టి వేసే అంచనా. అంచనా అయితేనేం, తెల్లవారుజామున నాలుగింటికి దుప్పట్లోంచి చెయ్యి బయటపెట్టి చూడండి, ఏ థర్మామీటరూ అక్కర్లేదు. అయిదింటికల్లా రోడ్డు మీద జనం. మంచు ఎంత దట్టంగా ఉందంటే పక్కనున్న మనిషి గొంతే వినపడుతుంది, మనిషి కనపడడు. రోడ్డు పక్కన నెగళ్లు, టీ బళ్లు, స్ట్రాబెర్రీ పెట్టెలు.

మంచు చూడ్డానికి అందరూ నర్సీపట్నం నుంచి ఈ రోడ్డు మీదే పైకొస్తారు. సెలవుల్లో కార్లు బారులు తీరతాయి. ఈ దారికీ ఒక కథ ఉంది. నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు రోడ్డు వేయించేటప్పుడు గూడెం డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్. అడవి మీద ఆంక్షలు పెట్టి, పోడు కొట్టుకోనివ్వక, బతుకుతెరువు లేకుండా చేసిన మన్యం వాళ్లనే ఈ రోడ్డు పనికి తోలుకొచ్చారు. రోజుకి ఆరణాలు ఇవ్వాల్సిన చోట అణా, రెండణాలు చేతిలో పెట్టేవారు. అడిగితే కొరడా. రాజు ముందు పైఅధికారులకు ఫిర్యాదే చేశాడు. దాన్ని పట్టించుకోలేదు. ఆ తర్వాతే చింతపల్లి.

ఈ సంగతి నాన్న టీ బడ్డీ దగ్గర చెబుతుంటే పక్క కారులోంచి దిగిన కుర్రాళ్లు నలుగురు వచ్చి నిలబడ్డారు. ఒకడు, "ఈ రోడ్డేనా సార్?" అన్నాడు. నాన్న కిందికి చూపించి, "ఈ దారే నాయనా" అన్నారు. వాడు తను నిలబడ్డ చోట నేలకేసి చూసుకున్నాడు.

రెండో చుక్క

మీరు ఈ దారి కలుపుకోవాలనుకుంటే చిన్న సలహాలు. సొంత కారైనా, అద్దె కారైనా ఘాట్ రోడ్డు అలవాటున్న డ్రైవరుండాలి. చీకటి పడ్డాక మంచులో దిగొద్దు. అరకు దాటాక పెట్రోలు బంకు కనిపిస్తే కొంచెం ఉన్నా నింపించేయండి. ఫోన్ సిగ్నలు అన్నిచోట్లా ఉండదు. వానాకాలంలో కొండచరియలు జారి రైళ్లు, బస్సులు ఆగిపోతుంటాయి, బయల్దేరేముందు కనుక్కోండి. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి సమయం. స్వెట్టర్లు మాత్రం నిజమైనవి తెచ్చుకోండి, ఫ్యాషన్‌వి కాదు.

మూడో రోజు ఘాట్ దిగి, నర్సీపట్నం మీదుగా కృష్ణదేవిపేట వెళ్లాం. లంబసింగి స్వెట్టర్లు ఒక్కొక్కటే ఊడిపోయాయి. కింద ఎండ.

రాజుని 1924 మే 7న కొయ్యూరులో కాల్చి చంపారు. మృతదేహాన్ని కృష్ణదేవిపేట తెచ్చి దహనం చేశారు. సమాధి ఇక్కడే. పక్కనే ఆయన అనుచరుడు గాం గంటందొర సమాధి. చుట్టూ చిన్న తోట. మేం వెళ్లినప్పుడు మేం కాక మరో కుటుంబం, చెట్టుకింద నిద్రపోతున్న ఒక ముసలాయన, అంతే. లంబసింగిలో చూసిన జనంలో పదో వంతైనా ఇటు రాలేదు.

నాన్న చెప్పులు విడిచి లోపలికెళ్లారు. ఆయన ఏదో మాట్లాడతారని మేమంతా ఎదురుచూశాం. మాట్లాడలేదు. చాలాసేపటికి జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీశారు. పొద్దున లంబసింగిలో కారెక్కినప్పుడు టైమెంతో, ఇక్కడ దిగినప్పుడు టైమెంతో అందులో రాసుకున్నారు. మధ్యలో టీకి ఆగిన నిమిషాలు తీసేసి లెక్కవేశారు.

"చింతపల్లి ఇరవై రెండో తారీకు, ఇది ఇరవై మూడు, రాజవొమ్మంగి ఇరవై నాలుగు. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు అని ఒక్క వాక్యంలో చెప్పేసేవాణ్ణి రా" అన్నారు. "ఇదంతా నడిచారు. ఆగస్టులో. వానల్లో, తుపాకులు మోసుకుంటూ. నేను పటంలో జానెడు గీత గీసి పిల్లల చేత బట్టీ పట్టించాను."

మా ఆవిడ ఆయన పక్కన కూర్చుని మంచినీళ్ల సీసా ఇచ్చింది.

"పిల్లలు గుర్తుపెట్టుకున్నారు కదా మావయ్యా" అంది.

"తారీకులు గుర్తుపెట్టుకున్నారమ్మా."

సాయంత్రం తునిలో మా రైలు. సమాధి దగ్గర్నుంచి నేరుగా వెళ్తే భోజనం చేసి కాసేపు నడుం వాల్చేంత టైముంది. డ్రైవరు కారు తిప్పి పెట్టి హారన్ కొట్టాడు. మా అమ్మాయి పరిగెత్తుకెళ్లి ముందు సీట్లో ఎక్కి, "తాతయ్యా, ఇప్పుడు మూడో చుక్కకేనా?" అనడిగింది.

నేను వాచీ చూసుకున్నాను. రాజవొమ్మంగి వెళ్లొస్తే రైలు అందడం కష్టం. అదే చెప్పబోయాను. నాన్న అప్పటికే వెనక సీట్లో మోకాళ్లు సర్దుకుంటూ డ్రైవరుతో అంటున్నారు.

"కొయ్యూరు మీదుగా పోనీ బాబూ. రాజవొమ్మంగిలో వీరయ్యదొరని విడిపించారు, ఆ ఊరు చూడాలి."